ఏలీ కొడుకులు

హొఫ్నీ, ఫీనెహాసు మందిరంలోనే పెరిగారు. తండ్రి ఏలీ షిలోహులో యాజకుడు. లేచింది మొదలు వాళ్ళు చూసింది బలిపీఠం, విన్నది ప్రార్థన. తీరా పెద్దయ్యాక, జనం దేవుడికని తెచ్చిన మాంసాన్ని మూడు ముండ్ల కొంకితో దౌర్జన్యంగా తీయించుకుని తిన్నవాళ్ళు వాళ్ళే. హన్నా మొక్కుకుని కని, పాలు మాన్పించి తెచ్చి అప్పగించిన సమూయేలు పెరిగింది కూడా అక్కడే, అదే ఏలీ దగ్గరే. అతను ప్రవక్త అయ్యాడు.

పిల్లల్ని దైవభయంలో పెంచడం గురించి స్త్రీల కూటాల్లో మాట్లాడుకునేటప్పుడు మేం హన్నా కథ చెప్పుకుంటాం. సమూయేలు ప్రవక్త కావడంతో ఆపేస్తాం. తర్వాతి సంగతి ఎవరూ ఎత్తరు. ఆ సమూయేలు కొడుకులు యోవేలు, అబీయా బెయేర్షెబాలో న్యాయాధిపతులై లంచాలు పుచ్చుకున్నారు. ఇద్దరు పిల్లల తల్లినయ్యాక నేను ఎక్కువగా ఆలోచించేది ఈ చెప్పని సగం గురించే. మంచి తల్లి కడుపున పుట్టినా, గుడి నీడలో పెరిగినా, తండ్రే ప్రవక్త అయినా బిడ్డ ఎటు నడుస్తాడో ఖాయం కాదని బైబిలే ఇంత నిక్కచ్చిగా చెబుతుంటే, ఫలానా విధంగా పెంచితే చాలు అని మనం ఎలా చెప్పగలం?

నన్ను పెంచిన ఊరి సంగతి ముందు చెప్పాలి. మాది తెలంగాణలోని ఇల్లందు. పాతవాళ్ళు ఇప్పటికీ బొగ్గుట్ట అనే అంటారు. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ చుట్టుపక్కల బొగ్గు ఉందని తేల్చింది 1871లో. తవ్వకం 1889లో మొదలైంది. సింగరేణి బొగ్గు గనుల కంపెనీకి పుట్టినిల్లు ఇదే. బాయి (బొగ్గు గని) పని కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి ఈ అడవి అంచున ఊరు కట్టుకున్నారు. నెలనెలా జీతాలు పడే ఊళ్ళో ఆ జీతం కోసం కాచుకుని కూర్చునేవీ ఉండేవి. సారా దుకాణం, పేకాట, నూటికి ఐదు రూపాయల వడ్డీ. లోకం ఎంత చెడ్డదో తెలుసుకోవడానికి మా అమ్మ తరం తల్లులు గల్లీ దాటి పోవలసిన పనిలేదు.

మా సంఘానికి మూలం పక్కనున్న డోర్నకల్‌లో ఉంది. అక్కడికి 1909లో వచ్చి, 1912లో బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్. తిరునెల్వేలి వైపు వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో పాస్టరు గారి కొడుకు. తల్లి ఎలెన్ ఏళ్ళ తరబడి కొడుకు కోసం ప్రార్థించి, 1874లో పుట్టిన బిడ్డకు హన్నా కొడుకు పేరే పెట్టుకుంది. 1889లో భర్త పోయాడు. ఆ తల్లి కన్న కొడుకు తన భాష కాని భాష నేర్చుకుని, మాల మాదిగ పల్లెల్లో తిరిగి, 1945 జనవరి 1న చనిపోయేదాకా డోర్నకల్‌నే తన ఊరు చేసుకున్నాడు. పల్లెను పీడించే నాలుగు దయ్యాలని ఆయన చెప్పేవాడట: మురికి, రోగం, అప్పు, తాగుడు. ఆ నాలుగింటిలో సైతాను పేరు లేకపోవడం నాకు ఎంతో నచ్చుతుంది. ఏ తల్లికైనా తన వాకిట్లో కంటికి కనిపించే శత్రువులవి. ఆయన డోర్నకల్‌లో కట్టించిన, 1939లో ప్రతిష్ఠ జరిగిన ఎపిఫనీ కెథడ్రల్‌లో గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ ఒకే కప్పు కింద ఉంటాయి. చుట్టూ ఉన్న లోకాన్ని గేటు బయట నిలబెట్టాలని అనుకున్న మనిషి అలా కట్టించడు.

మా అమ్మకు ఈ చరిత్రేమీ తెలియదు. నాలుగో తరగతి దాకా చదివింది. వేలు పెట్టి కూడబలుక్కుంటూ బైబిలు చదివేది. అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి, పొయ్యి పక్కనున్న ముంతలో వేసేది. అది దేవుడి బియ్యం. ఆదివారం గుడికి తీసుకుపోయేది. 2011లో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సెప్టెంబరులో మొదలై అక్టోబరులోకి సాగింది. నాన్న బాయికి పోవడం ఆగిపోయింది, జీతం లేదు. అప్పటికి నాకు పెళ్ళయింది. పుట్టింటికి వచ్చి చూస్తే బియ్యం డబ్బా అడుగు కనిపిస్తోంది. ముంత మాత్రం నిండుతూనే ఉంది. 'పిడికిలన్నా చిన్నగ పట్టమ్మా' అన్నాను. 'చెయ్యి గంతే ఉన్నది గద బిడ్డా' అంది.

ఆమె నన్ను ఎలా పెంచిందని ఎవరైనా అడిగితే నాకు గుర్తొచ్చేది ఒక బొగ్గు తట్ట. మా క్వార్టర్ల వెనక బొగ్గు రైళ్ళ సైడింగ్ ఉండేది. వ్యాగన్ల నుంచి రాలినవి, రాల్చుకున్నవి ఏరుకుని ఊళ్ళో సగం పొయ్యిలు మండేవి. దాన్ని ఎవరూ దొంగతనం అనుకునేవాళ్ళు కాదు. ఒక వానాకాలం మా ఇంట్లో బొగ్గు అయిపోయింది, కట్టెలు తడిసిపోయాయి. పక్కింటి అత్త తట్టెడు బొగ్గు తెచ్చి మా గడపలో దించి, 'తీసుకో వదినా, పిల్లలు ఆకలి మీదున్నరు' అంది. అమ్మ ఆ తట్టను పక్కకు జరిపి, 'నా పొయ్యిల అది వద్దు వదినా. మా కోసం మోసుకొచ్చినవ్, గదే శాన. కూసో, చాయ్ తాగిపో' అంది. ఆ తడి కట్టెలతోనే చాయ్ పెట్టింది. ఊదుడు గొట్టంతో ఊదీ ఊదీ ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి, ఇల్లంతా పొగ. అత్త లేచి పోలేదు. ఇద్దరూ దగ్గుకుంటూ చాయ్ తాగారు. పోయేటప్పుడు అత్త తన తట్ట తాను ఎత్తుకుపోయింది.

ఆ రాత్రి 'వాళ్ళు దొంగలా అమ్మా?' అని అడిగాను. 'గట్లనొద్దు. వాళ్ళ ఇంట్ల ఎంతమందున్నరో నీకెరుకేనా?' అంది. తర్వాత ఆ అత్త టైఫాయిడ్‌తో పడుకుంటే పది రోజులు వాళ్ళింటికి జావ పోయింది మా పొయ్యి మీది నుంచే.

అమ్మ తనకు వద్దనుకున్నది వద్దని చెప్పింది, మనిషిని మాత్రం వదులుకోలేదు. భక్తి గల ఇళ్ళలో నేను చూసినంతలో చాలామందికి మొదటిదే వస్తుంది. పిల్లలకు ఎవరితో కలవకూడదో నేర్పుతాం. ఫలానావాళ్ళ ఇంట్లో తినొద్దు, ప్రసాదం ముట్టొద్దు, నాగుల్‌మీరా దర్గా ఉర్సు వైపు పోవద్దు. ఆ పిల్లల్లో కొందరు భయస్థులవుతారు, కొందరు గర్విష్ఠులవుతారు. ఆ గర్వమంటేనే నాకు ఎక్కువ భయం. సారా వాసన ఆమడ దూరం నుంచే తెలుస్తుంది. గర్వం మాత్రం తెల్లబట్టలు కట్టుకుని ముందు వరసలో కూర్చుంటుంది.

ఇంకో మాట కూడా ఇల్లందు మనిషిగా చెప్పాలి. మా నియోజకవర్గం నుంచి ఐదుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన గుమ్మడి నర్సయ్యది ఎర్రజెండా. అంతకాలం పదవిలో ఉండి కూడా సైకిలు మీద, బస్సులో తిరిగిన మనిషి. నాన్న ఆ జెండా వైపు, అమ్మ గుడి వైపు. అయినా 'పరాయి సొమ్ము ముట్టని మనిషి' అని అమ్మ ఆయన కోసం ప్రార్థన చేసేది. దేవుడి పేరు ఎత్తని చోట కూడా నీతి ఉంటుందని మా పిల్లలకు నేను దాచకుండా చెబుతాను. దాస్తే రేపు వాళ్ళే చూసి, ఇంతకాలం అమ్మ చెప్పినవన్నీ ఇంతేనా అనుకుంటారు.

ఇప్పుడు సైడింగ్ అవతలి లోకం నా కొడుకు జేబులోనే ఉంది. వాడి తోటివాళ్ళు ఫోన్లో క్రికెట్ బెట్టింగులు ఆడుతున్నారు. గంజాయి మాట పదో తరగతి పిల్లల నోట వింటున్నాను. ఫోన్ లాక్కుంటే పక్కవాడి ఫోన్ ఉంది. పిల్లల్ని బీరువాలో పెట్టి తాళం వేసే ఏర్పాటు ఏ తల్లికీ లేదు.

సెయింట్ అగస్టీన్ తల్లి మోనికా గుర్తొస్తుంది. ఉత్తర ఆఫ్రికాలోని తగస్తే ఊరామె. కొడుకు దారి తప్పాడని ఏడ్చి ఏడ్చి, వాడితో వాదించి ఒప్పించమని ఒక బిషప్‌ను బతిమాలింది. ఆయన ఒప్పుకోలేదు. వాణ్ణి ప్రస్తుతానికి వదిలెయ్యి, ప్రార్థన చెయ్యి అన్నాడు. కొడుకు తనకు చెప్పకుండా ఓడెక్కి ఇటలీ వెళ్ళిపోతే, తర్వాత తనూ సముద్రం దాటి మిలాన్ దాకా పోయింది. 387లో అతను బాప్తిస్మం తీసుకున్నాడు. అదే ఏడాది ఆమె చనిపోయింది. అన్నేళ్ళూ ఏం జరుగుతుందో ఆమెకూ తెలియదు. అగస్టీన్ మహానుభావుడయ్యాక చదువుతున్నాం కాబట్టి మనకు అది నిశ్చింతగా కనిపిస్తుంది.

నా కొడుకు ఈ ఏడాది గుడికి రావడం మానేశాడు. ఆదివారం గ్రౌండుకు పోతున్నాడు. బెట్టింగుకు నా ఇంటి డబ్బు ఒక్క రూపాయి పోనివ్వనని చెప్పాను. స్నేహితుల్ని ఇంటికి తీసుకురమ్మని కూడా చెప్పాను, అందులో ఆ ఆటాడేవాళ్ళు ఉన్నా సరే. పోయిన వారం ముగ్గురొచ్చారు, కోడికూర వండాను. ఒకడు రెండోసారి అన్నం అడిగి పెట్టించుకున్నాడు. ఈ ఆదివారం కూడా పొద్దున్నే వాణ్ణి లేపి వస్తావా అని అడుగుతాను. రానంటే ఎంతమంది భోజనానికి వస్తారో కనుక్కుని, నేను గుడికి వెళ్తాను.