సూదితో తగ్గే ఆకలి, సూదికి అందని ఆశ

ఫజ్ర్ నమాజు ముగించుకొని తార్నాక వైపు నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోకి అడుగుపెడితే, చెట్ల నీడన వడివడిగా నడిచేవారు ఎందరో కనిపిస్తారు. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం ముందు వృద్ధులు, యువకులు, బురఖా ధరించిన సోదరీమణులు చెమటోడుస్తుంటారు. దగ్గరలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనా విభాగంగా మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన ఆ సంస్థ, ఏమి తినాలో, ఎంత తినాలో దేశానికి చెబుతోంది.

అలా నడిచేవారిలో మాకు తెలిసిన ఒక సోదరి ఇలా అడిగారు: "ఆక్యుపంక్చర్‌తో ఆకలి తగ్గి బరువు తగ్గుతుందంటున్నారు. చేయించుకోవచ్చా? నిగ్రహం చేతగాక అడ్డదారి వెతికినట్టు కాదా?"

చైనాలో పుట్టిన ఈ ప్రాచీన చికిత్సలో సన్నని సూదులను నిర్ణీత స్థానాల్లో గుచ్చుతారు. భారత ప్రభుత్వం 2019లో దీన్ని ఒక చికిత్సా పద్ధతిగా గుర్తించింది. బరువు కోసం చెవి మీద, పొట్ట మీద సూదులు పెడతారు. కడుపుకు వెళ్ళే వేగస్ నాడి శాఖ ఒకటి చెవికీ అందుతుంది గనుక, అక్కడ ప్రేరేపిస్తే ఆకలి తగ్గవచ్చని ఒక వివరణ. కొన్ని పరిశోధనల్లో స్వల్ప ప్రయోజనం కనిపించింది. అయితే వాటిలో చాలావరకు చిన్నవి. కాబట్టి దీన్ని సహాయంగా భావించవచ్చు, అద్భుతంగా కాదు.

చికిత్స కోరడం పాపం కాదు. వైద్యం చేయించుకోవచ్చా అని అడిగినవారిని మహాప్రవక్త ముహమ్మద్ (స) ప్రోత్సహించారు. పైగా స్థూలకాయం ఎప్పుడూ తిండిపోతుతనం కాదు. థైరాయిడ్ లోపం, కొన్ని మందులు, వంశపారంపర్యం, నిద్రలేమి కూడా కారణాలే. లావుగా ఉన్నవారిని చూసి నవ్వేవాడు ముందు తన నాలుకకు చికిత్స చేయించుకోవాలి.

అయితే వైద్యం తెలియకుండా వైద్యం చేసేవాడు జరిగిన హానికి బాధ్యుడని కూడా ప్రవక్త (స) హెచ్చరించారు. శిక్షణ పొందిన వ్యక్తేనా, ప్రతిసారీ కొత్త సూదులే వాడుతున్నారా అని విచారించడం మన విధి. ఒకరికి వాడిన సూది మరొకరికి గుచ్చితే కామెర్ల వంటి జబ్బులు సోకవచ్చు. పది రోజుల్లో పది కిలోలు తగ్గిస్తామనే మాట వైద్యం కాదు, వ్యాపారం.

ఇక అసలు విషయం. రమజాన్ ఉపవాసంలో ఆకలి పోదు. ఆకలి ఉండగానే మనం దానిపై అధికారం సాధిస్తాం. సూది ఆకలిని కొంతసేపు తగ్గించవచ్చు, కానీ మనిషిని మార్చదు. అంతేకాదు, మనం తినేదంతా ఆకలితో తింటున్నామా? వలీమాలో రెండోసారి వడ్డించుకున్న బిర్యానీ ఏ ఆకలి కోసం? ఇఫ్తార్ తర్వాత అర్ధరాత్రి హలీమ్ ఏ ఆకలి కోసం? ఆశకు చెవిలో నాడి లేదు. కడుపులో మూడో వంతు తిండికి, మూడో వంతు నీటికి, మూడో వంతు శ్వాసకు వదలమన్న ప్రవక్త బోధ ఆకలికంటే ఆశకే ఎక్కువ వర్తిస్తుంది.

ఆ సోదరి మరో మాట కూడా చెప్పారు: "చాలు అంటే ఎవరూ వినరు. తినకపోతే అలిగానంటారు." ఇందులో దోషం ఎవరిది? వద్దన్నవారి పళ్ళెంలో బలవంతంగా వడ్డించి దాన్ని ఆతిథ్యమనుకునే మనందరిదీ!

అందుకే ఆమెకు మా సమాధానం ఇది: అవసరమైతే వైద్యుని సలహాతో చేయించుకోండి. కాలు విరిగినవాడు చేతికర్ర పట్టుకోవడం బలహీనత కాదు. కానీ కర్ర ఉన్నప్పుడే నడక నేర్చుకోవాలి. ఉదయపు నడక మానకండి, పళ్ళెం చిన్నది చేసుకోండి. రేపు సూది తీసేస్తే నాలో ఏమి మిగులుతుందని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. శరీరం మన సొత్తు కాదు, అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దాన్ని కాపాడుకునే సద్బుద్ధిని, ఎదుటివారి 'చాలు'ను గౌరవించే సంస్కారాన్ని ఆయన మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.