అరవైలో అందుకున్న దరువు

పాతతరం సంగీత దర్శకులు ఇక హిట్టు కొట్టలేరని కొందరు తేలిగ్గా తీసిపారేస్తుంటారు. కానీ 1990లో ‘మనసు మమత’తో సంగీత దర్శకుడిగా తెరకు పరిచయమైన కీరవాణి, 2021లో ‘నాటు నాటు’ పాట వినిపించేనాటికి అరవై దాటారు. 2023లో ఆ పాట ఆస్కార్ గెలిచింది. తిశ్రగతిలో కాళ్లను నిలవనివ్వని జానపద దరువు, చంద్రబోస్ రాసిన పల్లెమాట, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవల కుర్ర గొంతులు. పెద్దాయన అనుభవం పిల్లల హుషారుకు బాట వేసింది. చెవులు తెరిచి ఉంచుకున్న విద్వాంసుడికి వయసు అడ్డురాదు. మీ ఇంట్లో పెద్దలు మళ్లీ వీణో మృదంగమో పట్టుకుంటానంటే ‘ఈ వయసులోనా?’ అనకండి. పక్కన కూర్చుని తాళం వేయండి. వాళ్ల దగ్గర మనం వినాల్సిన పాటలు ఇంకా ఉన్నాయి.