ఆమె పేరున వచ్చిన ఉత్తరం

ఇంగ్లండులోని లెస్టర్‌లో కొడుకూ కోడలి దగ్గర స్థిరపడ్డ ఒక తెలుగావిడ ఉండేది. అరవై దాటాయి. ఇంగ్లీషులో తన పేరు మాత్రం పోల్చుకోగలదు. రొమ్ము క్యాన్సర్ పరీక్షకు రమ్మని ఒకరోజు ఆమెకు అక్కడి ప్రభుత్వ వైద్యసేవల సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ నుంచి ఉత్తరం వచ్చింది. కోడలు చదివి చెప్పి, సూపర్‌మార్కెట్ కార్ పార్కింగులో నిలిపిన పరీక్షల వ్యానుకు తీసుకెళ్ళింది. లోపల పరీక్ష చేసేదీ ఆడమనిషే. ఒక్కో రొమ్మునూ రెండు పలకల మధ్య అదిమి ఎక్స్‌రేలు తీసింది. ఫలితం రెండు వారాల్లో పోస్టులో వస్తుందంది.

అది వచ్చిన వేళకు ఇంట్లో కొడుకొక్కడే ఉన్నాడు. కవరు చింపాడు. మరికొన్ని పరీక్షలు చేయాలి, ఫలానా తేదీన ఆస్పత్రికి రండి అని ఉంది. అతనికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. అమ్మ తట్టుకోలేదు, సంక్రాంతి వెళ్ళాక నిదానంగా చెబుదాం అనుకుని కరెంటు బిల్లుల అడుగున పెట్టేశాడు. తల్లి మీద ప్రేమతోనే చేశాడు, కాదనలేం. ఈలోగా ఆస్పత్రి తేదీ దాటిపోయింది.

కొత్త తేదీతో ఇంకో ఉత్తరం వచ్చింది. ఈసారి గుమ్మంలో పడ్డ కవరు ఆవిడే తీసి, కోడలి చేత చదివించుకుంది. మొదటి పిలుపుతోపాటు వచ్చిన చిన్న పుస్తకం వెతికి తీసి కోడలు వివరించింది.

"అత్తయ్యా, వందమంది పరీక్ష చేయించుకుంటే నలుగురిని ఇలా మళ్ళీ పిలుస్తారట. ఆ నలుగురిలో ముగ్గురికి క్యాన్సర్ ఉండదట."

ఆవిడ వెళ్ళింది. మళ్ళీ ఎక్స్‌రే తీసి, అల్ట్రాసౌండ్ చేశారు. అది నీటి తిత్తి, భయం లేదన్నారు. కొడుక్కి ప్రాణం లేచొచ్చింది.

"చూశావా అమ్మా, అప్పుడే చెప్పి ఉంటే ఇన్నాళ్ళూ ఊరికే బెంగపడేదానివి."

"నేను ఆ ముగ్గురిలో ఉన్నాను గనక ఈ మాటంటున్నావు. నాలుగో ఆవిడ కొడుకూ నీలాగే దాస్తే ఆమె గతేంట్రా?"

నీతి: ఆడమనిషి ఒంటి సంగతి రాసిన ఉత్తరం ముందు ఆమెకే చేరాలి. వెళ్ళాలో వద్దో తేల్చుకోవలసింది ఆమె.

వద్దనుకునే హక్కూ ఉంది. ఎన్నటికీ ప్రాణం మీదికి రాని క్యాన్సర్లు కూడా ఈ పరీక్షలో బయటపడి చికిత్సకు దారితీస్తాయని ఆ చిన్న పుస్తకమే చెబుతుంది. అందుకే ఆ ఉత్తరం ఆజ్ఞ కాదు, ఆహ్వానం. కానీ ఆలోచించుకోవాలంటే ముందు విషయం తెలియాలి కదా! పంపేవాళ్ళు కూడా పోస్టులో వేయడంతో పని తీరిపోయిందనుకోకూడదు. చదవలేని మనిషికి అర్థమయ్యేలా చెప్పించే పూచీ వాళ్ళదే.

ఇంగ్లండులో 1988లో మొదలైన ఈ కార్యక్రమం 50 ఏళ్ళు నిండినప్పటి నుంచి 71వ పుట్టినరోజు దాకా మూడేళ్ళకోసారి ఆడవాళ్ళను పిలుస్తుంది. ఉత్తరం వెళ్ళేది జీపీ (కుటుంబ వైద్యుడు) దగ్గర నమోదైన చిరునామాకే. అక్కడ మీకున్న అమ్మలూ అత్తయ్యలూ ఇల్లు మారితే జీపీ దగ్గర చిరునామా మార్పించండి. వాళ్ళ పేరున కవరొస్తే అదే రోజు, ఉన్నదున్నట్టు చదివి వినిపించండి.