బలం తగ్గితే విలువ తగ్గునా?

శ్రీకాకుళంలోని క్రీడా మైదానానికి కోడి రామమూర్తి నాయుడు గారి పేరు ఎందుకు పెట్టారో మీ పిల్లలకు చెప్పారా? 1880వ దశకంలో వీరఘట్టంలో పుట్టిన ఈ మల్లయోధుడు ఇనుప గొలుసులు తెంచారు, రొమ్ముపై ఏనుగును నిలుపుకున్నారు. జనం ఆయనను కలియుగ భీముడన్నారు.

ఏనుగును నిలుపుకొనే విద్యలో ఎదుటివాణ్ణి కొట్టడం లేదు. ఊపిరి బిగబట్టి బరువును భరించడమే ఉంది. అంతటి దేహానికీ జబ్బు తప్పలేదు. చివరి రోజుల్లో కాలు తీసివేయవలసి వచ్చింది. 1942లో ఆయన కన్నుమూశారు. కాలు పోయిన నాడు ఆయన తక్కువ మనిషి అయ్యారా? కాలేదని అందరం ఒప్పుకుంటాం.

మరి మన ఇళ్లలో? ఉద్దానంలో నిన్నటిదాకా కొబ్బరి చెట్లెక్కిన మనిషి, నేడు మూత్రపిండాల జబ్బుతో వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్ మంచంపై ఉంటున్నాడు. 'ఇంటికి బరువైపోయాను' అని కుమిలిపోతున్నాడు. 2023లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. వైద్యం అక్కడ దొరుకుతుంది. గౌరవం మాత్రం ఇంట్లోనే దొరకాలి.

ఏనుగు రొమ్ముపై నిలిచింది కొద్దిసేపే. భర్తను ఏళ్ల తరబడి ఆసుపత్రికి తిప్పే ఇల్లాలు మోసే బరువుకు చప్పట్లు లేవు. బలమంటే అదే. ఆమెకు ఒక పూట ఆసరాగా వెళ్లండి. తోట అమ్మాలన్నా, పిల్ల పెళ్లి తలపెట్టాలన్నా, మంచంలో ఉన్న ఆ ఇంటి పెద్దను ముందు అడగండి.