ట్రెడ్‌మిల్ కొనే ముందు

ఒళ్లు పెరిగిందనగానే ముందు గుర్తొచ్చేది ట్రెడ్‌మిల్. కొన్నాళ్లకు చాలా ఇళ్లల్లో దాని పిడి మీద తడి తువ్వాళ్లు ఆరుతుంటాయి. ఒంటికి పని చెప్పడానికి యంత్రమే అక్కర్లేదు. కరీంనగర్‌లో దిగువ మానేరు డ్యాం కట్ట మీద పొద్దున్నే నడిచేవాళ్లకు చల్లగాలి, తోడు రెండూ ఉచితమే. ఆదిలాబాద్ గోండు గూడేల్లో దండారి పండుగ వేళ నెమలి ఈకల టోపీ బరువు మోస్తూ గుస్సాడీ నృత్యం ఆడేవాళ్ల కాళ్లు చూడండి, ఎంత గట్టివో! ఆ ఆటకే మర్లవాయి గ్రామానికి చెందిన కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాలకు పని. బయటికి వెళ్లే వీలు లేనివారికి ఇంట్లో వ్యాయామ సైకిల్ మేలే. మిగతావాళ్లు ముందు నెల రోజులు నడవండి. అలవాటు నిలిచాకే యంత్రం కొనండి.