పిల్లల వాద్యబృందంలో నాదం ఎక్కడిది?

ప్రాథమిక పాఠశాలలో వాద్యబృందానికి పాఠం చెప్పే పని శ్రుతి చేయడంతో మొదలవుతుంది. పాతికమంది పిల్లలు, ఒక్కో వయొలిన్‌కు నాలుగు తీగలు. పాట ఎత్తుకునేలోపు వంద తీగలు కలవాలి. ఎనిమిదేళ్ల పిల్లల చేతికి బిరడా సరిగా లొంగదు, బలవంతాన తిప్పితే తీగ తెగుతుంది. అందుకని మొదటి ఏడాది ఆ వందా టీచరే కలుపుతారు. అమెరికా ప్రభుత్వ బడుల్లో చాలాచోట్ల నాలుగో తరగతిలోనో అయిదో తరగతిలోనో ఈ క్లాసు మొదలవుతుంది. కర్ణాటక సంగీతం కూడా నేర్చుకునే అక్కడి తెలుగు పిల్లలు సాయంత్రం నేల మీద కూర్చుని, వయొలిన్ తలను పాదానికి ఆనించి, స ప స ప శ్రుతిలో సరళీ వరుసలు సాధన చేస్తారు. తెల్లవారి బడిలో అదే వాయిద్యాన్ని భుజానికెత్తి ఇంకో శ్రుతిలో వాయిస్తారు. నాగార్జునసాగర్ దగ్గరి విజయపురి సౌత్ లాంటి మన ఊళ్ల ప్రాథమిక బడుల్లో ఇలాంటి పీరియడ్ ఉండదు. ఇక్కడ పిల్లలు పదిమందితో లయ కలపడం నేర్చుకునేది భజనలో, చర్చి పాటల్లో, కోలాటంలో.

చోటు ఏదైనా ప్రశ్న ఒకటే. వంద తీగలూ కలిశాక వినిపించే నాదం ఎక్కడి నుంచి వచ్చింది? పిల్లల్లో ముందే ఉన్నదా, టీచరు ఇచ్చినదా?

భారతీయ దర్శనాలు శబ్దం గురించి ఇదే తగవు శతాబ్దాల పాటు పడ్డాయి. మీమాంసకుల లెక్కలో శబ్దం నిత్యం. ఉచ్చరించడం వల్ల అది పుట్టదు, వ్యక్తమవుతుంది, అంతే. వారి వాదం వేదవర్ణాల గురించే గానీ వాద్యధ్వని గురించి కాదు. అయినా ‘సంగీతం పిల్లల్లోనే ఉంది, గురువు బయటికి తీస్తాడు’ అనే మాటకు మూలం ఆ ఆలోచనా ధోరణిలోనే కనిపిస్తుంది. నైయాయికులు ఒప్పుకోలేదు. శబ్దం ఆకాశగుణం, కారణాల వల్ల పుట్టి అలలా సాగి నశిస్తుందన్నారు. ఈ పక్షానికి వస్తే సంగీతం గురువు పని వల్ల కలిగే ఫలం. 13వ శతాబ్దంలో సంగీతరత్నాకరం రాసిన శార్ఙ్గదేవుడు ఆహతం, అనాహతం అని నాదాన్ని రెండుగా చెప్పి, తగవు తీర్చకుండానే సంగీతశాస్త్రానికి దారి వేశాడు.

మూడో జవాబు బౌద్ధులది, దానికి విజయపురి సౌత్‌తో సంబంధం ఉంది. క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ లోయలో ఉండేది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. లోయ మునగక ముందే, 1954 నుంచి 1960 దాకా, ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. బయటపడిన కట్టడాల్లో ముఖ్యమైన కొన్నిటిని కొండ మీద, కుడి ఒడ్డున అనుపు దగ్గర మళ్లీ నిలబెట్టారు. నాలుగు వైపులా మెట్లతో ఉన్న రంగస్థలం అనుపులోనే ఉంది. అది ఆటలకా, నాట్యసంగీతాలకా అన్నది పండితులు ఇంకా తేల్చలేదు. ప్రాజెక్టు కోసం కుడివైపు వెలసిన కాలనీకి మునిగిన నగరం పేరే దక్కింది. బౌద్ధ తాత్వికుడు ఆచార్య నాగార్జునుడు ఇక్కడ నివసించాడన్నది సంప్రదాయం చెప్పే మాట, ఇక్ష్వాకుల శాసనాలు చెప్పే మాట కాదు. కొండకు మాత్రం ఆయన పేరే నిలిచింది.

నాగార్జునుడికి ముందే బౌద్ధంలో ఒక వీణ కథ ఉంది. అప్పటి వీణ ఇప్పటిది కాదు, అమరావతి శిల్పాల్లో కనిపించే విల్లు ఆకారపు వాయిద్యం. దాని నాదానికి మురిసిన రాజు ఆ నాదాన్నే తెచ్చిపెట్టమంటాడు. వీణ తెస్తారు. ఇది కాదు, నాదం కావాలంటాడు. కాయం, చర్మం, తీగలు, వాయించేవాడి ప్రయత్నం అన్నీ కలిస్తేనే నాదమని చెప్పినా వినడు. వీణను ముక్కలు చేసి, కాల్చి, బూడిదను గాలికి ఎగరేసి చూస్తాడు. నాదం ఎక్కడా దొరకదు.

నాగార్జునుడు మూలమధ్యమకకారికలో ఇదే విషయాన్ని తర్కంగా బిగించాడు. ఏ వస్తువూ తన నుంచి పుట్టదు, ఇతరం నుంచి పుట్టదు, రెండింటి నుంచీ పుట్టదు, కారణం లేకుండానూ పుట్టదు. చదవడానికి చిక్కుగా ఉంటుంది. శ్రుతి చేసే టీచరు చెవికి మాత్రం ఇది రోజూ అనుభవమే. ఒక వయొలిన్ తీగ సెకనుకు 440 సార్లు, పక్కది 442 సార్లు కంపిస్తే, రెండూ కలిసి మోగినప్పుడు సెకనుకు రెండుసార్లు ధ్వని ఉబ్బి తగ్గుతుంది. భౌతికశాస్త్రం ఈ హెచ్చుతగ్గులను విస్పందనాలంటుంది. బిరడా సవరించే కొద్దీ అవి నెమ్మదిస్తాయి, శ్రుతి కలవగానే మాయమవుతాయి. ఆ ఊగిసలాట మొదటి తీగలో లేదు, రెండోదానిలోనూ లేదు. రెండింటిదీ అందామంటే, దేనిలోనూ లేనిది కలిపితే మాత్రం ఎలా ఉంటుంది? కారణం లేదనలేం, బిరడా తిప్పితే మారుతోంది కదా. టీచరు వినేది తీగలను కాదు, ఈ ఎవరిదీ కాని దాన్ని.

వాద్యబృందంలో పాట కూడా అంతే. త్యాగరాజ ఆరాధనలో పంచరత్న గోష్ఠిగానం చేసేటప్పుడు అందరూ ఒకే వరుస పాడతారు. ఒక్కరు పాడినా అది కీర్తనే. మన కచేరీలో ఒకరు ప్రధానం, మిగిలినవి పక్కవాద్యాలు. ‘వంత పాడటం’ తెలుగులో తిట్టు కావడం వెనుక ఈ అమరిక కూడా ఉందేమో. దీనికి భిన్నమైన ప్రయత్నాలు లేకపోలేదు. 1952లో ఆకాశవాణి ఢిల్లీలో వాద్యబృందాన్ని నెలకొల్పింది. తర్వాతి కాలంలో ద్రాక్షారామం వైణికుడు ఈమని శంకరశాస్త్రి దాన్ని నడిపారు. బడి ఆర్కెస్ట్రాలో చెల్లో వాయించే పిల్లవాడికి పాట మొత్తంలో మూడు నాలుగు స్వరాలే రావచ్చు. వాటినే ఇంట్లో అరగంట సాధన చేస్తుంటే, ‘ఏం పాటరా అది?’ అని అమ్మ అడుగుతుంది. వాడి దగ్గర జవాబు లేదు. పాట వాడి దగ్గర లేదు మరి.

దీనికి పాత ఆక్షేపణ ఒకటి ఉంది. దేనికీ సొంత స్వభావం లేకపోతే అంతా శూన్యమే కదా, సాధన ఎందుకు, ఫలం ఎక్కడ? కారికల 24వ ప్రకరణంలో నాగార్జునుడు దాన్ని తిరగేశాడు. స్వభావం స్థిరమైతేనే సాధన వ్యర్థం, ఎందుకంటే స్థిరమైనది మారదు. ‘వీడికి సంగీతం రాదు’ అని ఎనిమిదేళ్లవాణ్ణి తేల్చేయడం స్వభావవాదమే. ‘వాడిది పుట్టు విద్వత్తు’ అనడం కూడా అదే తప్పు, పొగడ్త కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ప్రతిభ పుట్టుకతో రాదని, మాతృభాషలా పరిసరాల వల్ల అబ్బుతుందని నమ్మి పసిపిల్లలకు వయొలిన్ నేర్పిన జపాన్ గురువు షినిచి సుజుకి (1898–1998) ఆచరణలో ఈ పక్షానికి దగ్గరివాడు. ఈ లెక్కన టీచరు సంగీతాన్ని పోసేవాడూ కాదు, తవ్వి తీసేవాడూ కాదు. ప్రత్యయాలను, అంటే నాదం పుట్టడానికి కావలసిన పరిస్థితులను, అమర్చేవాడు. కుర్చీ ఎత్తు, కమాను పట్టు, ఎవరి పక్కన ఎవరు, ఎంతసేపు నిశ్శబ్దం అన్నీ అందులోకే వస్తాయి. బిగింపు కూడా. సన్యసించక ముందు వీణ వాయించిన సోణుడనే భిక్షువుకు బుద్ధుడు తీగ మరీ బిగిసినా, మరీ వదులైనా పలకదని గుర్తు చేశాడు. సాధన తీవ్రత గురించి చెప్పిన ఆ పోలిక పిల్లల తరగతికి మార్పు లేకుండా సరిపోతుంది.

అసలు చిక్కు వేరే ఉంది. నాదం ఎవరిదీ కాకపోతే తప్పు ఎవరిది? బృందంలో కమానును తీగకు తాకించకుండా, పక్కవాడితో పాటు చేయి మాత్రం ఆడించే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. చూసేవారికి తేడా తెలియదు, వినేవారికీ అంతగా తెలియదు. నాదం ఇతరాల మీద ఆధారపడిందన్నంత మాత్రాన అందులో ఎవరికీ భాగం లేదని కాదు. ప్రతి ప్రత్యయమూ లెక్కలో ఉన్నదే, ఒకటి తప్పితే ఫలం మారుతుంది. దీన్ని ఉపన్యాసంతో చెప్పడం కష్టం. పాట సాగుతుండగా ఒక్కో వరుసను చేసైగతో ఆపించడం టీచర్ల దగ్గర ఉన్న పద్ధతి. చెల్లోలు ఆగగానే పాట అడుగు ఊడినట్టవుతుంది, పిల్లలు తలలు తిప్పి అటు చూస్తారు. వీణను విరగ్గొట్టిన రాజు చేసిన పనే ఇది. తేడా ఏమిటంటే, తరువాతి సైగకు చెల్లోలు మళ్లీ అందుకుంటాయి.