దొరికినవాడిదా, పోగొట్టుకున్నవాడిదా?

చిన్నప్పుడు బళ్ళో బలపం కింద పడితే చాలు, ఒక తగాదా తయారయ్యేది. "నాకు దొరికింది, నాదే!" అని ఒకడు, "పోయింది నాది, ఇటియ్యి!" అని ఇంకొకడు. పంతులుగారు ఆ బలపాన్ని రెండుగా విరిచి చెరో ముక్కా చేతిలో పెట్టేవారు. న్యాయం మాట ఎలా ఉన్నా తగాదా మాత్రం తీరేది. విరిచి పంచడానికి వీల్లేని వస్తువులు లోకంలో చాలా ఉన్నాయని పెద్దయ్యాక గాని తెలియదు.

మా ముత్యంపేట పిల్ల, నాకు చెల్లెలి కూతురు, లండన్‌లో చదువుకుంటోంది. ఈమధ్య ఒక సెలవు రోజంతా మ్యూజియాలకే కేటాయించింది. పొద్దున బ్రిటిష్ మ్యూజియం, మధ్యాహ్నం విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం. రెండింటికీ ప్రవేశం ఉచితం. పరదేశంలో చదువుకునే పిల్లలకు అంతకంటే ఏం కావాలి? ఈజిప్టు మమ్మీలూ గ్రీకు శిల్పాలూ చూసి చూసి, కాళ్ళు పీకుతుండగా 33ఎ అనే గదికి చేరింది. అక్కడ అద్దాల వెనక మన అమరావతి స్తూపం రాళ్ళు!

ఆ రాత్రి ఫోను చేసింది. "పెద్దమ్మా, మన రాళ్ళు ఈడ ఎంత పైలంగ ఉన్నయో! మన దగ్గరనే ఉంటే ఎప్పుడో సున్నమైపోతుండె. తీస్కపోయిందే మంచిగైంది."

పక్కనే ఉన్న వాళ్ళ నాయనమ్మ ఊరుకుంటుందా? "పక్కింటోళ్ళు మంచిగ తోముతున్నరని మన బిందె వాళ్ళింట్లనే ఉంచుతమా బిడ్డా?" అంది.

ఇద్దరి మాటా తీసిపారెయ్యలేం.

పిల్ల అన్నదాంట్లో నిజం ఉంది. 1790లలో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతిని తన రాజధానిగా చేసుకుంటున్నప్పుడు, కట్టడాలకు రాయి కావాలని ఆ దిబ్బను తవ్వారు. రెండువేల ఏళ్ళనాటి చెక్కడాలు కొన్ని గోడల్లోకి పోయాయి, కొన్ని సున్నపు బట్టీల్లోకి పోయాయి. ఆ సంగతి విని వచ్చిన కాలిన్ మెకంజీ, మళ్ళీ 1816లో వచ్చి బొమ్మలు గీయించకపోతే ఆ స్తూపం రూపురేఖలు మనకీమాత్రం కూడా తెలిసేవి కావు.

అయితే కాపాడినవాళ్ళ కథ కూడా పూర్తిగా వినాలి కదండీ! 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చిన రాళ్ళు పదేళ్ళకు పైగా ఆరుబయట ఎండకు ఎండి వానకు తడిశాయి. 1859లో ఓడెక్కి లండన్ వెళ్ళాయి. అక్కడైనా సింహాసనం వేశారా అంటే, చాలా రాళ్ళు గుర్రపు బగ్గీల కొట్టంలో పడి ఉండగా ఫెర్గూసన్ అనే పండితుడి కంట పడ్డాయి. బ్రిటిష్ మ్యూజియం చేరింది 1880లో. అద్దాలూ దీపాలూ ఆ తరవాతి మాట. అంటే అశ్రద్ధ మన ఒక్కళ్ళ సొత్తు కాదన్నమాట. ఏటిలో కొట్టుకుపోతున్న బిందెను పట్టి ఒడ్డున పెట్టినవాడికి దణ్ణం పెడతాం. దణ్ణం పెట్టినందుకు బిందె రాసిచ్చినట్టేనా?

ఆ పిల్లే ఇంకో ముచ్చట చెప్పింది. మధ్యాహ్నం చూసిన మ్యూజియంలో రోము చక్రవర్తి ట్రాజన్ విజయస్తంభం ఉంది. ఎత్తు సరిపోక రెండు ముక్కలుగా నిలబెట్టారట. అది ప్లాస్టర్ నకలు. అసలు స్తంభం రోములో దాని చోట అది ఉంది. చదువుకునేవాళ్ళకు నకలుతోనే పని జరిగిపోతోంది. మరి ఏథెన్సులో 2009లో తెరిచిన మ్యూజియంలో ఏముందో తెలుసా? లండన్ తీసుకుపోయిన పార్థినాన్ శిల్పాల ఖాళీల్లో ప్లాస్టర్ నకళ్ళు! అసలు ఎవరింట్లో ఉండాలో, నకలు ఎవరింట్లో ఉండాలో ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే పసిపిల్లవాడు కూడా చెప్పేస్తాడు. చట్టం మాత్రం చెప్పదు. బ్రిటిష్ మ్యూజియం తన దగ్గరున్నవాటిని సామాన్యంగా వదులుకోరాదని 1963 చట్టంలోనే రాసుకున్నారు.

సరే, నాయనమ్మ మాటే గెలిచిందనుకుందాం. బిందె ఇంటికి వస్తే ఎక్కడ పెడతాం?

ప్రకాశం జిల్లా చందవరంలోని బౌద్ధ శిల్పం ఒకటి, బుద్ధుణ్ణి కొలిచే భక్తుల ఫలకం, మన దగ్గర్నించే దొంగల పాలై అమెరికా వ్యాపారి చేతిలో పడింది. 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ దాన్ని కొనుక్కుంది. తెల్లదొరలు ఎత్తుకుపోయింది కాదిది. స్వతంత్రం వచ్చాక మన కళ్ళముందే పోయింది. అయినా 2016లో తిరిగి వచ్చింది. ఎలాగంటారా? అది చందవరంలో ఉన్నప్పుడు ఎవరో తీసిన ఫొటో దొరికింది. ఆ ఫొటో తీసినాయన, ఆ రాయిని ఒక్కసారి శ్రద్ధగా చూశాడు. "ఇది మాది" అనడానికి ఆ చూపే సాక్ష్యమైంది.

నా మట్టుకు నాకు తోచేది ఇదీ. కాపాడినంతమాత్రాన సొంతదారు కాడు. కాపాడలేకపోయినంతమాత్రాన సొంతం కాకుండానూ పోదు. కాని ఎన్నడూ కన్నెత్తి చూడనివాడు "నాది" అంటే ఆ మాటలో బరువుండదు. పెద్దపల్లి దగ్గర ధూళికట్టలో బౌద్ధ స్తూపం ఉంది. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో శాతవాహన రాజు సిముకుడి నాణేలు దొరికాయి. ముత్యంపేట నుంచి రెండూ ఒక పూట ప్రయాణం. లండన్‌లో రాళ్ళు చూసిన మా పిల్ల ఈ రెండూ చూడలేదు. ఆ పిల్లనే అనడమెందుకు, ఇది చదువుతున్న మనలో ఎంతమందిమి చూశాం?

లండన్‌వాళ్ళను అడగవలసింది అడుగుదాం, అడగడం మానవద్దు. ఈలోపల పిల్లల్ని వెంటబెట్టుకుని దగ్గరున్నవి చూసి వద్దాం. పోయిందని తెలియాలంటే, ముందు ఉందని తెలియాలి కదా!